బీరువాలో కార్డు, సైలెంట్‌లో ఫోను

అతను మొదటిసారి నా గదికి వచ్చింది జనవరి చివర్లో. వచ్చాడనడం కన్నా తీసుకొచ్చారనడం సబబు. భార్య ముందు, అతను వెనక. ఎంవీపీ కాలనీలో మందుల షాపు పైన నాదో చిన్న కౌన్సెలింగ్ గది. మెట్ల మధ్యలో ఆగిపోయి "ఇది ఆ ఆసుపత్రిది కాదు కదా?" అని అడిగాడట. విశాఖ వాళ్ళకి ఆ ప్రశ్న విప్పి చెప్పక్కర్లేదు. ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఉన్నది చినవాల్తేరులో. కాస్త తేడాగా మాట్లాడిన వాణ్ణి "వీణ్ణి చినవాల్తేరు తీసుకెళ్ళాలిరా" అనడం ఇక్కడ చిన్నపిల్లలకు కూడా వచ్చిన ఎకసెక్కం. ఆ ఒక్క మాటకి జడిసి ఏళ్ళ తరబడి గడప దాటని వాళ్ళని చూశాను.

రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. పెట్టుడు పేరు పెట్టలేదు. పెడితే ఎవరి గురించో కథ రాస్తున్నట్టు నాకే అనిపించింది.

వయసు 38. ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ పని నేర్చుకున్నాడు. గాజువాక దాటాక ఒక కాలనీలో సొంతిల్లు. తల్లి, భార్య, ఆరో తరగతి చదివే కూతురు. భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. నాలుగు నెలలుగా పనికి వెళ్ళడం లేదు. పగలంతా పడక, రాత్రంతా ఫోను. తిండి సగమైంది. కూతురు లెక్కల పుస్తకం తెచ్చి పక్కన కూర్చుంటే "అమ్మనడుగు" అంటున్నాడు. భార్యని నిజంగా భయపెట్టింది అదే. మిగతావన్నీ ఆవిడ ఓర్చుకునేది.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఇచ్చాను. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 15 నుంచి 19 మధ్య వస్తే డిప్రెషన్ గట్టిగానే పట్టినట్టు. అతనికి 16 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దాని దగ్గర పెన్ను ఆగింది. "చచ్చిపోవాలని కాదు మేడమ్. పొద్దున్న మెలకువ రాకపోతే బావుణ్ణు అనిపిస్తాది." ఆ రోజు మిగతా సమయమంతా దాని మీదే గడిచింది. ఇంట్లో ఎవరికి చెప్పాలి, రాత్రి మనసు బాగా లేకపోతే ఏం చెయ్యాలి అన్నీ కాగితం మీద రాసుకున్నాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఆయన ఫోన్లోనూ, ఆవిడ ఫోన్లోనూ సేవ్ చేయించాను. థైరాయిడ్ పరీక్ష రాశాం, అది మామూలుగానే ఉంది. సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే ఆయన మందు మొదలుపెట్టారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత వచ్చిన మార్పులో మందు వాటా ఎంత, మా మాటల వాటా ఎంత అని ఎవరైనా అడిగితే గీత గీసి చూపించలేను.

ఇక కార్డు సంగతి. వాళ్ళ నాన్నకి మూడెకరాల చిల్లర పొలం ఉండేది. ఒక పెద్ద ఫ్యాక్టరీ కోసం ఆ భూమి పోయింది. ఇంటికొక ఉద్యోగం అన్న మాటతో చేతికి ఒక కార్డు వచ్చింది. నాన్నకి ఉద్యోగం రాలేదు. "నీకొస్తాది" అని కొడుక్కి చెప్పాడు. కొడుకు ఐటీఐ చేసిందీ అందుకే. ఆ కార్డు లామినేషన్ చేయించి ఇనప బీరువాలో, పట్టుచీరల కింద దాచారు. 2019లో నాన్న పోయారు. పోయే ముందు కూడా కార్డు ఎక్కడుందో ఒకసారి చూడమన్నారట. నా దగ్గరికి రావడానికి ముందటి దసరా రోజుల్లో ఏదో కాగితం పని మీద వెళ్తే, కౌంటర్ అవతలి మనిషి తల ఎత్తకుండా "మీ వయసు దాటిపోయింది కదండీ" అన్నాడట. అతను ఇంటికొచ్చి పడుకున్నాడు. లేవలేదు.

గాజువాక వైపు పుట్టి పెరిగిన వాళ్ళకి ఇది కొత్త కథ కాదు. "ఉద్యోగం వస్తాది" అనే మాట కొన్ని ఇళ్ళలో ఇంటిపేరులా తరం నుంచి తరానికి దిగుతుంది. అందుకే నేను తొందరపడ్డాను. కేసు అర్థమైపోయిందనుకున్నాను.

నేను చేసిన తప్పు

డిప్రెషన్‌కి చేసే వైద్యాల్లో బిహేవియరల్ యాక్టివేషన్ అనేది ఒకటి. పీటర్ లెవిన్సన్ 1970ల్లో చెప్పిన ఆలోచన దీనికి మూలం. మనిషి కుంగినప్పుడు పనులు మానేస్తాడు. పనులు మానేస్తే వాటితో వచ్చే సంతోషం, మెప్పు, నలుగురితో మాట ఆగిపోతాయి. అవి ఆగితే ఇంకా కుంగుతాడు. మనసు బాగయ్యాక పని మొదలుపెడదామని కూర్చోకుండా, పనితో మొదలుపెడితే మనసు వెనకాలే వస్తుందన్నది దీని పట్టు. 1996లో నీల్ జాకబ్సన్ బృందం ఆలోచనల్నీ పనుల్నీ కలిపి మార్చే సీబీటీ అనే చికిత్సని విడగొట్టి, ఈ పనుల భాగాన్ని ఒక్కదాన్నే ఇచ్చి చూసింది. మొత్తం చికిత్సతో సమానంగా పనిచేసింది. గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వైద్య చదువు లేని మామూలు కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో ఇదే పద్ధతి వాడితే డిప్రెషన్ తగ్గిందని 2017లో లాన్సెట్‌లో వచ్చింది. మన దేశంలో, మన పీహెచ్‌సీల్లో జరిగిన పని కాబట్టి నాకు దాని మీద గురి ఎక్కువ.

ఆ గురితోనే రెండో సెషన్లో గంటల వారీ పట్టిక చేతిలో పెట్టాను. ఆరింటికి నడక. పదింటికి ముగ్గురు పాత కస్టమర్లకి ఫోన్. సాయంత్రం కూతురితో అరగంట. అతను పట్టికని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అలాగే మేడమ్" అన్నాడు.

మూడు వారాలు రాలేదు.

ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. కాసేపు నసిగి, చివరికి చెప్పేసింది. "మీరు కూడా మా చినమావగారి లాగే అన్నారంట మేడమ్. ఏదో ఒకటి చెయ్యి, ఏదో ఒకటి చెయ్యి అని. ఆ మాట ఇంట్లో రోజూ ఊరికే వింటన్నాను, దానికి ఫీజెందుకు అన్నారు."

ఫోన్ పెట్టేశాక కాసేపు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. అతను అన్నది నిజం. పద్ధతిలో తప్పు లేదు, నేను దాన్ని వరస తప్పి వాడాను. ఏ పని చెయ్యాలో తేల్చే ముందు ఆ మనిషి ఏ పని నుంచి, ఎందుకు తప్పించుకుంటున్నాడో చూడాలి. అంతకన్నా ముందు అతనికి ఏది ముఖ్యమో తెలియాలి. రెండూ వదిలేసి టైమ్‌టేబుల్ ఇచ్చాను.

మార్చి మొదటి వారంలో వస్తానన్నాడు. ఈసారి ఒక్కడే వచ్చాడు.

ఫోను మోగితే

పట్టిక జోలికి పోలేదు. "నిన్న ఫోన్ మోగినప్పుడు ఏమైందో చెప్పండి" అన్నాను. వరసగా చెప్పాడు. ఫోన్ మోగుతుంది. స్క్రీన్ మీద పాత కస్టమర్ పేరు. గుండెలో బరువు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడుగుతారు, ఏం చెప్పాలి? సైలెంట్ నొక్కుతాడు. వెంటనే హాయి. ఆ హాయి పది నిమిషాలు. సాయంత్రానికి "ఇంకో గిరాకీ పోగొట్టుకున్నాను, నేనెందుకూ పనికిరాను". మర్నాడు ఫోన్ మోగకముందే టెన్షన్.

ఆ పది నిమిషాల హాయే అసలు చిక్కు. అది లేకపోతే ఎవరూ అంతగా తప్పించుకోరు. కాగితం మీద గుండ్రంగా గీసి చూపించాను. ఆ వారం మిస్డ్ కాల్స్ లెక్కపెట్టుకు రమ్మంటే పంతొమ్మిది అని చెప్పాడు. ఎండలు ముదురుతున్నాయి, ఏసీ సర్వీసింగ్ సీజన్. జనం ఇంకా అతన్నే వెతుకుతున్నారన్న సంగతి ఆ అంకె పైకి చదివాక గానీ అతనికి తట్టలేదు. నాకూ తట్టలేదు. మేం తప్పించుకోవడం లెక్కపెడుతున్నాం, అవకాశం లెక్క తేలింది.

ఇక "మీకు జీవితంలో ఏది ముఖ్యం?" అన్న ప్రశ్న. విలువల గురించి మాట్లాడాలని నాకు. అతను "ఫ్యామిలీ మేడమ్, హెల్త్" అన్నాడు. అందరూ అదే చెబుతారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకి రాసే జవాబు అది. ఆ ప్రశ్న నేరుగా అడిగితే నిజం వచ్చిన కేసులు నా అనుభవంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నిజం నా ఏసీ వల్ల వచ్చింది. నాలుగో సెషన్. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, తల ఎత్తి గోడ వైపు చెవి పెట్టాడు.

"ఇది ఎవరు బిగించేరు మేడమ్?"

"తెలిసినాయన. ఏం?"

"పంపు పెట్టేడా?"

ఏ పంపు అన్నాను. అప్పటిదాకా కుర్చీలో జారగిలబడి ఉన్న మనిషి ముందుకు వంగాడు. ఏసీ బిగించాక రాగి గొట్టాల్లో గాలి, తేమ ఉండిపోతాయట. వాటిని వ్యాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగెయ్యాలి. అరగంట లాగి, వాల్వు కట్టేసి, గేజీ మీద సూది కదలకుండా నిలబడిందో లేదో కూర్చుని చూడాలి. సూది వెనక్కి వస్తే ఎక్కడో లీకు ఉన్నట్టు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి. ఆ అరగంట మిగుల్చుకోవడానికి చాలామంది కాస్త గ్యాసు వదిలి గాలిని తోసేసి "అయిపోయిందండీ" అంటారు. తేమ లోపలే ఉండి నూనెతో కలిసి పులుస్తుంది, యాసిడ్ అవుతుంది, కంప్రెసర్‌ని లోపల్నుంచి తినేస్తుంది. రెండేళ్ళ తర్వాత పాడైతే కస్టమర్ సముద్రాన్ని తిడతాడు.

"సముద్రం ఏటి చేసింది మేడమ్? సముద్రం బైట తింటాది. ఇది లోపల తింటాది."

విశాఖలో సముద్రానికి ఆ పేరుంది మరి. ఋషికొండ, లాసన్స్ బే వైపు ఇళ్ళలో బయట యూనిట్ రెక్కలు ఉప్పుగాలికి తెల్లటి పొడై చేతికి రాలతాయి. ఆ పొడి చూసి ఇల్లు బీచికి ఎంత దూరమో చెప్పగలనన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా కూలినప్పుడు రెండు నెలలు రోజుకి పద్నాలుగు గంటలు పనిచేశాడట. జనం క్యూలో ఉన్నారు. పంపు పెట్టకుండా చేస్తే రోజుకి రెండు ఏసీలు ఎక్కువ అయ్యేవి. "పెట్టకుండా ఒక్కటీ చెయ్యలేదు. నాన్న అడిగేవోడు, ఎందుకురా తక్కువ తెస్తన్నావు అని. చెప్తే ఊరుకున్నాడు."

నేను రాసుకోవడం మానేసి వింటున్నాను. "పంపు పెట్టకుండా పని చెయ్యను" అన్న ఆ మాట కన్నా స్పష్టంగా ఎవరి విలువైనా నేను విన్నది లేదు. అది కోపం వేషంలో వచ్చింది. ఆ రోజు నుంచి నా అలవాటు మారింది. ఏది ముఖ్యం అని అడగడం లేదు, ఏ పని చెడగొడితే ఒళ్ళు మండుతుందో అడుగుతున్నాను.

స్టీవెన్ హేస్, ఆయనతో పనిచేసినవాళ్ళు రూపొందించిన యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీలో విలువకీ గమ్యానికీ తేడా చూపిస్తారు. ఉద్యోగం గమ్యం. వస్తుంది, లేదా రాదు. వచ్చాక అక్కడితో అయిపోతుంది. విలువ నడిచే దిక్కు. ఇవాళ ఈ గొట్టం బిగించడంలో కూడా ఉంటుంది, రేపు కూడా మిగిలే ఉంటుంది. ఇది అతనికి ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే అతనే అందుకున్నాడు. "సింహాచలం గిరి ప్రదక్షిణ లాగన్నమాట."

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి, మళ్ళీ తొలిపావంచాకే వస్తారు. బయల్దేరిన చోటికే చేరేదానికి నడవడం ఎందుకని ఎవరూ అడగరు. నాన్నతో చిన్నప్పటి నుంచీ ఏటా నడిచాడట. నాన్న పోయాక మానేశాడు. పాఠం చెప్పాలనుకున్నది నేను. నాకే చెప్పి వెళ్ళాడు.

తెల్లబడ్డ నూనె

మొదటి పని చాలా చిన్నది పెట్టుకున్నాం. అతనే ఎంచుకున్నాడు. పనిసంచీ తెరిచి పంపు బయటికి తీయడం, అంతే. ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు. తీసి చూస్తే పంపులో నూనె తేమ పట్టి పాలలా తెల్లబడి ఉందట. దాన్ని పారబోసి, కొత్త నూనె పోసి, పంపు ఆన్ చేసి ఆ చప్పుడు వింటూ వరండాలో కూర్చున్నాడు. ఇరవై నిమిషాల పని. కూతురు వచ్చి ఏంటిది నాన్నా అంటే గేజీ సూది చూపించాడు. ఇదీ పట్టికలో కూతురితో అరగంటే, కాకపోతే నేను రాసినది కాదు.

తర్వాతి వారం ఒక్క కాల్ ఎత్తడం. పెదవాల్తేరులో ఒక రిటైర్డ్ టీచరు. ఎందుకు రాలేదని ఆవిడ అడుగుతారని వారమంతా రిహార్సల్ చేశాం. ఆవిడ అడిగింది "ఏం బాబూ, రేపు పొద్దున్న వస్తావా, మధ్యాహ్నమా?" అని. అంతే. ఏప్రిల్లో వారానికి మూడు పనులు, మేలో రోజుకి రెండు. అన్ని వారాలూ అలా సాగలేదు. మే నడిమిలో నాలుగు రోజులు మళ్ళీ మంచం దిగలేదు. ఆ నాలుగు రోజుల్నీ పట్టించుకోకుండా ఐదో రోజు లేచాడు. ఆ ఐదో రోజు గురించి ఒక సెషన్ మొత్తం మాట్లాడుకున్నాం. నాలుగు రోజుల గురించి మాట్లాడలేదు.

కార్డు గురించి నేను మరో పొరపాటు చెయ్యబోయాను. ఏదో ఒక రోజు దాన్ని వదిలించుకుంటాడని, ఒక చిన్న తంతు లాంటిది పెట్టాలని మనసులో రాసిపెట్టుకున్నాను. మాలాంటి వాళ్ళకి ఇలాంటి ముగింపులంటే మోజు. జూన్లో ఆ మాట ఎత్తితే అతను నా వైపు చిత్రంగా చూశాడు.

"అది నాది కాదు కదా మేడమ్. భూమి ఇచ్చింది నాన్న. అది నాన్న కార్డు. ఉండనీండి."

ఆలోచిస్తే, అతను ఇన్నేళ్ళు ఊరికే కూర్చోలేదు. 2016లో ఒక కాంట్రాక్టరు భాగస్వామిగా రమ్మన్నాడు. ఋషికొండలో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు ఏడాది కాంట్రాక్టు ఇస్తామన్నారు. రెండూ వద్దన్నాడు. సోమరితనంతో కాదు. "ఉద్యోగం వస్తే మధ్యలో వొగ్గేసి పోవాలి. మాటిచ్చి వొగ్గేస్తే మోసం కదా." పని సగంలో వదలకూడదన్న పట్టుదలే పని మొదలుపెట్టనివ్వలేదు. ఎదురుచూపు ఒక పని కాదని మనం అనుకుంటాం. అతను దాన్ని నాన్న పక్షాన, డ్యూటీలాగా చేశాడు. ఆ చినమావగారికీ నాకూ కనపడనిది అదే.

ఇక్కడ నా గొడవ కూడా కొంత. ఈ గది తీసుకునే ముందు ఆరేళ్ళు "అబ్బాయి పదో తరగతి అవనీ", "ఇంటర్ అవనీ" అంటూ గడిపాను. నాది కూడా పిల్లాడి కోసం అని పేరు పెట్టుకున్న ఎదురుచూపే. పిల్లాడు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నాడు. తన కోసం నేను అన్నేళ్ళు గది తీసుకోకుండా ఆగానని వాడికి తెలియను కూడా తెలియదు.

జులైలో ప్రదక్షిణకి వెళ్ళాడు. భార్యతో, ఈసారి కూతురితో కూడా. ఆ పిల్ల హనుమంతవాక దగ్గర కూలబడితే ఎవరో మజ్జిగ ఇచ్చారట. అక్కణ్ణుంచి ఆటోలో పంపేసి తను పూర్తి చేశాడు. ఆగస్టులో పద్నాలుగో సెషన్‌తో ఆపాం. పీహెచ్‌క్యూ-9 స్కోరు 6.

నవంబరులో ఫోన్ చేశాడు. చలికాలం ఏసీ పని పడిపోతుంది, పైగా వాన. స్కోరు 11కి ఎగబాకింది. రెండు సెషన్లు మళ్ళీ కూర్చున్నాం. మందు ఆపేస్తానంటే సైకియాట్రిస్టుని అడగకుండా వద్దన్నాను. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు పట్టుకున్నాడు. అదే అపార్ట్‌మెంట్ వాళ్ళు మళ్ళీ అడిగారు, నలభై ఫ్లాట్లకి. పన్నెండు ఒప్పుకున్నాడు. మిగతావి ఎందుకు వద్దన్నారని అడిగితే, "ఒక్కణ్ణి. పన్నెండింటికైతే పంపు పెట్టి చెయ్యగలను" అన్నాడు. ఇది భయమా, విలువా అని నాకు ఇప్పటికీ రెండు రకాలుగానూ అనిపిస్తుంది. ఆ ప్రశ్న అతన్ని అడిగాను. "రెండూ కొంచెం కొంచెం" అన్నాడు.

చివరి సెషన్లో నా ఏసీ బాగుచేస్తానన్నాడు, డబ్బులొద్దని. కుదరదన్నాను. నా దగ్గర వైద్యం చేయించుకుంటున్న మనిషితో పని చేయించుకోకూడదు, డబ్బిచ్చినా సరే. వివరంగానే చెప్పాను. అయినా మొహం చిన్నబుచ్చుకున్నాడు. అతను నాకివ్వగలిగింది అదే, దాన్ని నేను కాదన్నాను. నియమం సరైనదే. ఆ మొహం మాత్రం గుర్తుంది.

ఈ ఏప్రిల్లో ఏసీ చల్లబడటం మానేసింది. ఫోన్లో దొరికిన వేరే కుర్రాణ్ణి పిలిచాను. గ్యాస్ సిలిండరు, చిన్న సంచీతో వచ్చాడు. పంపు పెడతావా బాబూ అన్నాను.

"అక్కర్లేదు మేడమ్. గ్యాస్ కొట్టి గాలి తీసేస్తాం. పది నిమిషాల్లో అయిపోతాది."

బయట క్లయింట్ కూర్చుని ఉంది. గదిలో ఉక్క. పంపు తీసుకుని సాయంత్రం రమ్మని పంపేసి, కిటికీ తెరిచాను.